గోడవారన కూర్చునే మామ్మ, బేస్ గిటారు



పోయిన నెలలో ఒక గ్రామ సంఘ పెద్ద మాకు ఉత్తరం రాశారు. వారి యౌవనస్థులు బేస్ గిటారు కొన్నారట. దానికి తోడు ఒక ఆంప్లిఫైరు పెట్టె కూడా కొన్నారట. ముందు వరుసల వారు చెవులు మూసుకుంటున్నారు, వెనుక వరుసల వారికి హోరు తప్ప స్వరం తెలియడం లేదు. ఇప్పుడు కుర్రవాళ్లు ఇంకా పెద్ద పెట్టె కావాలంటున్నారు, పెద్దలేమో గిటారునే అమ్మేయమంటున్నారు. "అయ్యగారూ, మీరేమంటారు?" అని అడిగారు.

ఇటువంటి ప్రశ్నకు ఈ శీర్షికలో జవాబు రాయడం తగునా అని కొంతసేపు ఆలోచించాం. ఈ పేజీలో సాధారణంగా కుటుంబ ప్రార్థన గురించి, పిల్లల పెంపకం గురించి, సంఘ క్రమం గురించి రాస్తుంటాం. కాని ఇదే బేస్ గిటారు మా సంఘంలో ఒక ముసలితల్లిని మందిరంలో నుండి బయటికి పంపింది, ఒక పిల్లవాని ప్రాణం మీదికి తెచ్చింది. గనుక రాయక తప్పదు. మేము ఇంజనీరులం కాము. వేదాంత కళాశాలలో మాకు గ్రీకు అక్షరాలు నేర్పారు గాని మిక్సరు బొత్తాలు నేర్పలేదు. కిందామీదా పడి, తెలిసినవారిని అడిగి నేర్చుకున్నదే ఇక్కడ చెబుతున్నాం.

మా మందిరం వెడల్పు 20 అడుగులు, పొడవు 42 అడుగులు. పైన స్లాబు, నాలుగు పక్కలా సిమెంటు గోడలు, కింద బండలు. ఆదివారం చాపలు పరచుకుని కూర్చుంటాం, ఎడమ పక్క స్త్రీలు, కుడి పక్క పురుషులు. డెబ్బయి ఏళ్లు దాటిన ఒక మామ్మ మేము ఈ సంఘానికి రాకముందు నుండీ ఎడమ గోడకు వీపు ఆనించి ఒకే చోట కూర్చునేది. నడుము నొప్పి గనుక ఆ గోడ ఆమెకు కావాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకం లేకుండా పాడుతుంది. పాట మధ్యలో ఎవరైనా చరణం మరచిపోతే గోడ దగ్గర నుండి ఆమె గొంతే అందించేది.

మిరప కోతలకు వెళ్లి కూలి డబ్బు దాచుకుని మా సంఘంలోని ఒక కుర్రవాడు బేస్ గిటారు కొనుక్కున్నాడు. వానికి అప్పటికి పంతొమ్మిదేళ్లు. సంఘ కానుకలలో నుండి మేము అతనికి ఒక ఆంప్లిఫైరు పెట్టె కొనిచ్చాం. దానిని వేదిక పక్కన మూలలో నేల మీద పెట్టాం. మొదటి ఆదివారం అందరికీ సంతోషమే. పాటకు కింద ఒక నేల ఏర్పడినట్టు తోచింది. రెండు మూడు నెలలు గడిచేసరికి మామ్మ తన చోటు విడిచి బయట వేపచెట్టు కింద కూర్చోవడం మొదలుపెట్టింది. ఉక్కపోత అనుకున్నాం. పుష్యమాసపు చలిలోనూ బయటే కూర్చుంటే అప్పుడు అనుమానం వచ్చి వాళ్ల ఇంటికి వెళ్లాం.

"ఏం మామ్మా, లోపలికి రావడం లేదేం?" అని అడిగాం.

"పాట వినపడట్లేదు అయ్యగారూ. గోడకు ఆనుకుంటే నా గుండెలోనే డప్పు కొట్టినట్టుంది. మాట తెలియదు, రాగం తెలియదు. బయటైతే కాస్త నయం" అంది. కోపంగా కాదు, తప్పు తనదే అన్నట్టు చెప్పింది.

ఆ మాట మాకు బాధ కలిగించింది. పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో పిల్లనగ్రోవి, వీణ, బాకా మాట ఎత్తి, వాటి స్వరాలలో భేదం తెలియకపోతే వినేవారికి ఏమి ప్రయోజనమని అడుగుతాడు. మేము ఆ భాగం మీద ఎన్నోసార్లు ప్రసంగించాం. మా మందిరపు ఎడమ గోడ దగ్గర అదే జరుగుతుంటే గమనించలేదు.

అయితే ఆ కుర్రవానిని గద్దించబోతే వాడు, "అయ్యగారూ, నాకే సరిగా వినబడటం లేదు, ఇంకా ఎక్కువ పెట్టాలి" అన్నాడు. అబద్ధం ఆడే పిల్లవాడు కాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అదెలాగో తెలుసుకోవడానికి పట్టణంలో మైకు సెట్లు అద్దెకిచ్చే ఒక విశ్వాసిని పిలిపించాం.

ఆయన చెప్పినది ఇది. బేస్ గిటారుకు నాలుగు తీగలు. అన్నిటికంటె లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కదులుతుంది, దానిని 41 హెర్ట్జ్ అంటారు. తరువాతిది 55, దాని తరువాతవి 73, 98. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది గనుక ఆ రెండవ తీగ, అంటే ఎ తీగ, పుట్టించే అల పొడవు 20 అడుగుల పైచిలుకు. మా మందిరం వెడల్పు సరిగ్గా 20 అడుగులు! ఒక పూర్తి అల ఈ గోడ నుండి ఆ గోడకు ఇమిడిపోతుంది. అట్టి గదిలో ఆ స్వరం రెండు గోడల దగ్గర, నడిమధ్యన బాగా పెరుగుతుంది. గోడకు ఐదడుగుల దూరంలో తగ్గిపోతుంది. మా కుర్రవాడు నిలబడేది గోడకు సరిగ్గా అయిదడుగుల దూరంలో. మామ్మ కూర్చునేది గోడవారన. దీనికి తోడు మూలలో నేల మీద పెట్టిన పెట్టె ఆ మోతను ఇంకా పెంచుతుంది, స్వరం తెలియజేసే పై శబ్దం కుర్రవాని మోకాళ్లకు తగిలి ఆగిపోతుంది. వాడు వినబడలేదని పెంచుతాడు, ఆమె తట్టుకోలేక బయటికి పోతుంది.

సరే, ఆ పెట్టె తీసేసి గిటారు వైరును నేరుగా మిక్సరులో పెడితే పోలేదా అని మేము అన్నాం. అప్పటికే ఒకసారి పెట్టి చూశాం కూడా. శబ్దం సన్నగా, మూతి కట్టినట్టు వచ్చింది. దానికి కారణం ఆయన నీళ్ల తొట్టి పోలికతో చెప్పాడు. మిద్దె మీది తొట్టి నుండి సన్నని గొట్టం దిగుతోందనుకోండి. కింద చిన్న కుళాయి కొంచెం తిప్పితే నీటి ఒత్తిడి నిలుస్తుంది. పెద్ద కుళాయి పూర్తిగా తెరిస్తే ఒత్తిడి పడిపోయి ధార జావకారిపోతుంది. గిటారులోని అయస్కాంతపు చుట్ట ఆ సన్నని గొట్టం. మిక్సరులో మామూలు లైన్ ప్రవేశం 10 నుండి 20 వేల ఓములు, మైకు ప్రవేశం రెండు వేల చిల్లర. ఇవి పెద్ద కుళాయిలు. బేస్ గిటారుకు కావలసినది పది లక్షల ఓముల ప్రవేశం, చుక్కచుక్కగా తీసుకునే చిన్న కుళాయి. బ్యాటరీతో నడిచే సర్క్యూటు గిటారులోనే ఉంటే ఈ ఇబ్బంది తక్కువ. చవక గిటార్లలో చాలావాటికి అది ఉండదు.

ఈ పని చేసేదే బేస్ ప్రీఆంప్. చేతిలో పట్టేంత ఇనుప పెట్టె, కాలి దగ్గర నేల మీద పెట్టుకుంటారు. ఒక పక్క గిటారు వైరు లోపలికి పోతుంది. మరొక పక్క రెండు దారులు ఉంటాయి: ఒకటి ఆంప్లిఫైరుకు పోయే మామూలు జాక్, రెండవది మైకు వైరులాంటి మూడు పిన్నుల డైరెక్ట్ అవుట్, తిన్నగా మిక్సరుకు. మాకు ఐదు వేల రూపాయల లోపే అయింది. ఇంకా తక్కువలో డి.ఐ. పెట్టె అని ఉత్తది దొరుకుతుంది, అది మార్చవలసిన విద్యుత్ గుణాన్ని మార్చి పంపుతుందే తప్ప స్వరాన్ని దిద్దదు. ప్రీఆంప్ స్వరాన్ని కూడా దిద్దుతుంది. బేస్ ఆంప్లిఫైరు స్పీకర్లకు మరీ సన్నని ధ్వనులు పలకవు, గనుక వేళ్లు తీగల మీద రాసుకునే కీచు అందులో మునిగిపోతుంది. నేరుగా మిక్సరుకు పంపినప్పుడు ఆ కీచంతా మందిరం స్పీకర్లలో బయటపడుతుంది. అందుకే చాలా ప్రీఆంపులలో ఆ స్పీకరు పలుకును పోలిన వడపోత కూడా ఉంటుంది.

యౌవనస్థులు ఒక సంగతి గమనించాలి. పెద్ద పెట్టె లేనిదే బేస్ కాదని అనుకుంటారు. ఫెండర్ సంస్థ 1951లో ప్రెసిషన్ బేస్ విడుదల చేసినప్పటి నుండి ఆ వాద్యాన్ని వాయించినవారిలో మిక్కిలి పేరు పొందినవాడు జేమ్స్ జేమర్సన్. 1960లలో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో మోటౌన్ పాటల రికార్డింగులో అతని గిటారును చాలావరకు ఆంప్లిఫైరు ముందు మైకు పెట్టి పట్టలేదు, నేరుగా మిక్సరుకే కలిపారు. ఈ సంగతి చెప్పాక మా కుర్రవాని ముఖం కొంత వికసించింది.

ఇక ఆ మూడు పిన్నుల వైరు ఎందుకు అంటారా? మామూలు గిటారు వైరులో ఒక తీగ, దాని చుట్టూ అల్లిన కవచం ఉంటాయి. అది 15, 20 అడుగులు దాటితే ట్యూబులైటు గోల, ఫ్యాను రెగ్యులేటరు గోల అన్నీ పట్టుకొస్తుంది. మూడు పిన్నుల వైరులో రెండు తీగలు ఒకే స్వరాన్ని ఒకదానికొకటి తలక్రిందులుగా మోస్తాయి. దారిలో కలిసిన గోల రెండిటి మీదా ఒకే విధంగా పడుతుంది. మిక్సరు ఒకదానిలో నుండి రెండవదానిని తీసివేసినప్పుడు గోల కొట్టుకుపోతుంది, స్వరం మిగులుతుంది. మందిరం చివరనున్న మిక్సరు వరకు 100 అడుగులు లాగినా భయం లేదు.

ఇప్పుడు అసలు భయపడవలసిన సంగతికి వస్తాం.

ప్రీఆంప్ కొనక ముందు, ఆంప్లిఫైరును మిక్సరుకు కలిపినప్పుడల్లా గుంయ్‌మనే హోరు వచ్చేది. ఆంప్లిఫైరు ఒక బోర్డులో, మిక్సరు మరొక బోర్డులో పెట్టాం. రెండూ ఎర్తు ద్వారా ఒకసారి, మధ్యనున్న వైరు కవచం ద్వారా మరొకసారి కలిసి ఒక చుట్టు ఏర్పడుతుంది. మన ఇళ్లకు వచ్చే కరెంటు 50 హెర్ట్జ్ గనుక ఆ చుట్టులో 50, 100 హెర్ట్జుల హోరు తిరుగుతుంది. హోరు ఆపమని మేమే అడిగాం. కరెంటు పని తెలిసిన ఒకరు ఆంప్లిఫైరు ప్లగ్గులోని లావు పిన్ను విరిచేశారు. హోరు పోయింది. అందరం సంతోషించాం, కృతజ్ఞతా స్తుతి కూడా చెల్లించాం. ఆ విరిచిన పిన్నే ఎర్తు అని మాలో ఒక్కరికీ తట్టలేదు.

తరువాత కొన్ని వారాలకు ఆంప్లిఫైరులో ఏదో తీగ పెట్టె లోపలి రేకుకు తగిలింది. ఎర్తు ఉంటే ఫ్యూజు ఎగిరిపోయేది. ఎర్తు లేదు గనుక ఆ కరెంటు వైరు కవచం గుండా గిటారు తీగల దాకా వచ్చి నిలిచింది. కుర్రవాడు చెప్పులు వేసుకుని ఉండటం వలన వానికి తెలియలేదు. పల్లవి అందుకోవడానికి మైకుకు పెదవి ఆనించాడు. మైకుకు మిక్సరు ద్వారా మంచి ఎర్తు ఉంది. చేతిలో నుండి పెదవిలోకి కరెంటు పోయింది. వాడు వెనక్కు పడ్డాడు. పడటం వలనే మైకు విడిపోయి బ్రదికాడని తరువాత తెలిసింది. పెదవి మీద కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. వాళ్ల అమ్మ ఆ రోజు వేదిక మెట్ల మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు మేము మరువలేదు. పిన్ను విరవమన్నది కరెంటు పనివాడు కాదు, మేము.

ఇది ఎక్కడో అరుదుగా జరిగేదని అనుకోవద్దు. 1972లో వేల్స్ దేశంలోని స్వాన్సీ పట్టణంలో లెస్లీ హార్వీ అనే గిటారు వాద్యకుడు వేదిక మీద మైకు ముట్టుకుని ఇలాగే చనిపోయాడు. 2005 అక్టోబరు 30న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం వేకో పట్టణంలో కైల్ లేక్ అనే 33 ఏండ్ల కాపరి బాప్తిస్మపు తొట్టి నీళ్లలో నిలబడి మైకు అందుకోబోయి కరెంటు తగిలి మరణించాడు. బాప్తిస్మాలిచ్చే కాపరులారా, నీళ్లలో ఉన్నప్పుడు వైరున్న మైకు ముట్టవద్దు. బ్యాటరీతో పనిచేసే వైర్‌లెస్ మైకును కూడా ఒడ్డున ఉన్నవారి చేతనే పట్టించండి.

హోరు పోవడానికి సరైన దారి ప్రీఆంప్ మీదనే ఉంది. గ్రౌండ్ లిఫ్ట్ అని ఒక చిన్న మీట ఉంటుంది. అది మూడు పిన్నుల వైరులో కవచం కలిసే ఒకటవ పిన్నును మాత్రమే విడదీస్తుంది. చుట్టు తెగుతుంది, హోరు పోతుంది. కరెంటు ప్లగ్గులోని ఎర్తు జోలికి అది పోదు, మనుషులను కాపాడే ఎర్తు అలాగే ఉంటుంది. ఈ రెండిటికీ ఉన్న భేదం మీ మందిరంలో మిక్సరు చూసుకునే ప్రతి పిల్లవానికి తెలియాలి. వీలైతే ఆంప్లిఫైరు, కీబోర్డు, మిక్సరు అన్నిటికీ ఒకే బోర్డు నుండి కరెంటు ఇవ్వండి, అప్పుడు చాలాసార్లు హోరు మొదలే కాదు. ఎర్తు గుంత సరిగా ఉందో లేదో లైసెన్సు ఉన్నవారి చేత కొలిపించండి. వేసవిలో ఆ గుంత ఎండిపోకుండా నీళ్లు పోయండి. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైతే దానంతట అదే ఆపేసే ఆర్.సి.సి.బి. అనే స్విచ్చు మెయిన్ బోర్డులో పెట్టించండి. మేము పండుగ అలంకరణ డబ్బుతో దానిని పెట్టించాం. ఆ సంవత్సరం మా మందిరం మీద రంగు బల్బులు లేవు. ఎవరూ అడగలేదు కూడా.

ప్రీఆంప్ వచ్చాక ఒక శనివారం సాయంత్రం వాద్యబృందాన్ని, ఇద్దరు పెద్దలను, మామ్మను కూడా పిలిచి కూర్చోబెట్టాం. మామ్మను ఆమె గోడ దగ్గరే కూర్చోమన్నాం.

మొదట మిక్సరులో ఆ దారి గొంతు పూర్తిగా తగ్గించి, తరువాతే వైరు పెట్టాం. ఇది ఎప్పుడూ మరవకూడదు, లేకపోతే స్పీకరు పొరలు చినిగేంత చప్పుడు వస్తుంది. మా ప్రీఆంప్ మిక్సరు నుండి వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవరుతో కూడా నడుస్తుంది, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో కూడా నడుస్తుంది. ఏది పుచ్చుకుంటుందో పెట్టె వెంట వచ్చిన కాగితం చదివి తెలుసుకోండి, ఊహించవద్దు. కుర్రవానిని తన శక్తి కొద్దీ గట్టిగా వాయించమని, ఎర్రదీపం వెలగనంత వరకు గెయిన్ పెంచాం. మెల్లగా వాయిస్తుండగా గెయిన్ పెట్టుకుంటే ఆరాధన వేడిలో వాడు గట్టిగా కొట్టగానే గరగరమంటుంది.

మిక్సరులో లో కట్ అనే బొత్తం ఉంటుంది, సుమారు 80 లేదా 100 హెర్ట్జుల కిందనున్న ధ్వనిని కోసేస్తుంది. అది బేస్ దారిలో నొక్కకూడదు, పాడేవారి మైకులన్నిటికీ నొక్కాలి. మా దగ్గర సరిగ్గా తలక్రిందులుగా ఉంది! పాడేవారి మైకులలోకి దూరిన బేస్ హోరే సగం మాటలను మింగుతోందని ఆ సాయంత్రం తెలిసింది. ఆ బొత్తాలు సరిచేయగానే, ఇంకేమీ చేయకముందే, మామ్మ తలెత్తి చూసింది. 250 హెర్ట్జుల ప్రాంతంలో బేస్ కొంచెం తగ్గిస్తే మగవారి గొంతులు, హార్మోనియం విడివిడిగా తెలిశాయి.

ప్రీఆంప్ మీద ప్రీ, పోస్ట్ అని ఇంకొక మీట ఉంది. ప్రీ పెడితే దిద్దని స్వరం మిక్సరుకు పోతుంది, పోస్ట్ పెడితే దిద్దిన స్వరం పోతుంది. మిక్సరు దగ్గర నిపుణుడు ఉంటే ప్రీ మంచిదంటారు. గ్రామ సంఘాలలో పదవ తరగతి పిల్లవాడే మిక్సరు చూసుకుంటాడు గనుక మేము పోస్ట్ ఎంచుకున్నాం. ఒక్కటే నిబంధన: శనివారం పెట్టిన బొత్తాలు ఆదివారం ముట్టకూడదు. ఎందుకంటే పోస్ట్‌లో ఉన్నప్పుడు వాడు ఒక బొత్తం తిప్పితే మందిరమంతటికీ అది మారుతుంది.

పాత ఆంప్లిఫైరును పారేయలేదు. చెడిన తీగ బాగుచేయించి, కొత్త త్రీపిన్ ప్లగ్గు వేయించి, మూలలో నుండి తీసి ఒక స్టూలు మీద కుర్రవాని చెవివైపు వాల్చి పెట్టాం. ప్రీఆంప్‌లోని రెండవ దారి దానికి పోతుంది. ఇప్పుడు అది వానికి మాత్రమే, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడేంత గొంతుతో. సంఘమంతా వినేది మిక్సరు ద్వారా. అందువలన బేస్ ఎంత ఉండాలో ఇప్పుడు నిర్ణయించేది మందిరం చివర కూర్చుని వింటున్న పిల్లవాడు. మా బేస్ కుర్రవానికి ఇది ఒప్పుకోవడం తేలిక కాలేదు. తన గొంతును మరొకని చేతిలో పెట్టినట్టుందన్నాడు. మేము అతనికి ఏమీ బోధించలేదు. గిటారు మరొకరి చేతికిచ్చి, మామ్మ పక్కన గోడకు వీపు ఆనించి రెండు పాటలు వినమన్నాం. ఒకటి కొత్త ఏర్పాటుతో, ఒకటి పాత పద్ధతిలో మూలలో పెట్టెతో. రెండవ పాట సగంలోనే లేచి వచ్చి తానే ఆంప్లిఫైరు ఆపేశాడు.

అన్నీ చక్కబడ్డాయని మాత్రం రాయలేం. గది గదే. ఎ తీగ ఇప్పటికీ గోడల దగ్గర కొంత ఉబ్బుతుంది, ఏ పెట్టె కొన్నా అది పోదు. ఆ స్వరాన్ని సాగదీయకుండా చేత్తో త్వరగా ఆపమని చెప్పాం, కొంత నయం. ఇంకొక సంగతి వాద్యబృందంతో మాట్లాడి కుదుర్చుకున్నాం. మన పాత కీర్తనలు రాగాల మీద కట్టినవి. వాటి కింద సినిమా పాటలకు వాయించినట్టు బేస్ పరుగులు తీస్తే రాగం చెదిరిపోతుంది. తంబుర శ్రుతిలాగ షడ్జమం, పంచమం పట్టుకుని ఉంటే చాలు. కొత్త పాటలకు వాయించుకోవచ్చు. దీని మీద మాలో ఇంకా అభిప్రాయ భేదాలున్నాయి, ఉండనీయండి.

రెండవ దినవృత్తాంతముల గ్రంథం 5వ అధ్యాయంలో మందిర ప్రతిష్ఠ నాడు బూరలు ఊదే యాజకులే 120 మంది ఉన్నారు. తాళాలు, స్వరమండలాలు, గాయకులు వేరు. అంతమంది ఉండి ఏకస్వరంగా వినబడ్డారని చదువుతాం. మైకులు లేని కాలంలో అదెలా సాధ్యమైందో, ఒక్క బేస్ గిటారుతో ఇన్ని నెలలు తిప్పలు పడ్డాక మాకు ఇంకా ఆశ్చర్యంగానే ఉంది.

ఇక ఉత్తరం రాసిన సహోదరునికి మా జవాబు. పెద్ద పెట్టె కొనవద్దు, గిటారు అమ్మవద్దు. ముందుగా మీ దగ్గరున్న ఆంప్లిఫైరు వెనుక వైపు చూడండి. డి.ఐ. అవుట్ అనో డైరెక్ట్ అవుట్ అనో రాసి మూడు పిన్నుల రంధ్రం ఉంటే మీకు ప్రీఆంప్ కూడా అక్కరలేదు, ఒక మైకు వైరు చాలు. స్పీకర్ అవుట్ అని రాసిన రంధ్రంలో నుండి మాత్రం ఎన్నడూ మిక్సరుకు వైరు లాగకండి, మిక్సరు కాలిపోతుంది. గుడి మీది బాకాలకు బేస్ పంపకండి. ఆ కింది స్వరాలు వాటికి పలకవు, లోపలి యూనిట్లు మాత్రం చెడిపోతాయి. ప్రీఆంప్ బ్యాటరీతో నడుపుతుంటే ఆరాధన అయ్యాక గిటారు వైరు దానిలో నుండి ఊడదీయండి. వైరు గుచ్చి ఉన్నంతసేపు బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. మాకు ఒక ఆదివారం ప్రభువు బల్ల పాటలో బేస్ మూలిగి మూలిగి ఆగిపోయింది అందుకే. అన్నిటికంటె ముందు, ఈ పత్రిక మీ చేతికి అందిన రోజే, మందిరంలోని ప్రతి ప్లగ్గుకు మూడు పిన్నులు ఉన్నాయో లేవో చూడండి.

మామ్మ లోపలికి వచ్చింది. అయితే పాత చోటికి కాదు, గోడకు నాలుగైదు అడుగుల ఇవతల. వీపు ఆనించుకోవడానికి కుర్రవాళ్లు ఒక పాత కుర్చీ కాళ్లు కోసి, వెనుక చెక్క మాత్రం ఉంచి, ఆమెకు నేల మీద పీటలా చేసి ఇచ్చారు. మొన్నటి ఆదివారం మా బేస్ కుర్రవాడు మూడవ చరణం మరచిపోయి మమ్మల్ని చూశాడు. మేము కూడా మరచిపోయాం. ఆమె అందించింది.

కీబోర్డు హోరు గురించి అడిగిన వారికి ప్రభువు చిత్తమైతే వచ్చే నెల రాస్తాం.